మేడ నెత్తిన లక్ష్మి, పక్కన తుపాకీ సిపాయి

ప్రశ్న: మొన్న పెళ్లికని తమిళనాడులోని కారైకుడి వెళ్లామండీ, అక్కడ చెట్టియార్ల మేడలు చూస్తే కళ్లు తిరిగాయి. ఒక ఇంటి నెత్తిన మధ్యలో లక్ష్మీదేవి, అటూ ఇటూ ఏనుగులు, ఆ పక్కనే తుపాకులు పట్టుకున్న దొరల సిపాయిలు! దేవతల పక్కన వాళ్లెందుకు? ఇంకో మాట, మా తాతగారి మేడ పిట్టగోడ మీద కూడా అలాంటి లక్ష్మే ఉంది, ఒక ఏనుగు తొండం ఊడింది, మేస్త్రీ సిమెంటుతో అతికించి ఆయిల్ పెయింట్ కొట్టేస్తానంటున్నాడు. సరేననమంటారా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మేస్త్రీని ఆపండమ్మా, మిగతాది నింపాదిగా చెప్పుకుందాం.

మీరు చూసింది గజలక్ష్మి. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మి పుట్టింది కదా, అప్పుడు దిగ్గజాలు, అంటే దిక్కులు మోసే ఏనుగులు, నిండు కలశాలతో ఆమెకి స్నానం చేయించాయని భాగవతం అష్టమ స్కంధంలో ఉంది, ఆ ఘట్టమే ఈ బొమ్మ. మన పాత ఇళ్లలో సింహద్వారం పైకమ్మి మీద చెక్కలో చెక్కించుకునేవాళ్లు, చెట్టినాడు, అంటే ఆ కారైకుడి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు దాన్నే వీధి చివరినుంచి కనపడేలా మేడ నెత్తికి ఎక్కించారు.

ఇక సిపాయిలు. ఆ మేడలు కట్టించిన నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, సింహళం, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించినవాళ్లు, ఆ ఇళ్లు ఎక్కువగా 19వ శతాబ్దం మధ్య నుంచి 1940ల దాకా కట్టినవి, బర్మా టేకు ఇటలీ పాలరాయి ఓడల్లో తెచ్చుకున్న రోజులు. సంపద ఇచ్చేది లక్ష్మి, ఆ రోజుల్లో కాపలా అంటే కళ్లముందు మెదిలేది తుపాకీ సిపాయి, ద్వారపాలకుల చోట అతన్ని నిలబెట్టారని నాకనిపిస్తుంది. 1942లో జపాన్ బర్మాని పట్టుకోవడంతో అక్కడి ఆస్తులు చేజారాయి, కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి, చాలా మేడలు తాళాలేసి ఉండిపోయాయి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి చెట్టినాడు ఊళ్లు ఎక్కాయి, అయినా బొమ్మలు రాలుతూనే ఉన్నాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

చెట్టినాడులోనే కానాడుకాత్తాన్ అనే ఊళ్లో ఒక ఇంటి మీద ఏనుగుని దగ్గరగా చూశాను. చెవి సగం పోయింది, లోపల ఎర్ర ఇటుక, దాంట్లోంచి తుప్పు పట్టిన ఇనప కమ్మీ బయటికొచ్చింది, పైన నీలం రంగు పొరలుపొరలుగా లేస్తోంది. రాయి కాదమ్మా అది, సున్నం! ఇటుకతో ఆకారం నిలిపి, గానుగ సున్నం పూతలు వేసి, పచ్చిగా ఉండగానే చేత్తో దిద్దుతారు, బెల్లం నీళ్లు కరక్కాయ నీళ్లు కలిపేది ఇందులోనే. గుడి గోపురాల మీద బొమ్మలదీ ఇదే పని. కాకపోతే గుడికి కుంభాభిషేకం వస్తే బొమ్మలకి మరమ్మతులు జరుగుతాయి, తాళం వేసిన ఇంటిని ఎవరు చూస్తారు?

మీ తాతగారిదీ సున్నపు బొమ్మే అయితే సిమెంటు దానికి శత్రువు. సున్నం తడి పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటూ ఆయిల్ పెయింటూ ఆ తడిని లోపలే బిగించేస్తాయి, కమ్మీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, నాలుగు వానాకాలాలు పోయాక తొండంతోపాటు తలకాయ కూడా పెళ్ల ఊడి పడుతుంది.

ఊడిన తొండం ముక్కలుంటే ఏరి దాచండి, అన్ని వైపులనుంచీ ఫొటోలు తీయించండి. గోపురం బొమ్మలు చేసే శిల్పులెవరైనా దగ్గర్లో ఉన్నారేమో ఆలయాల్లో వాకబు చేసి సున్నంతోనే అతికించమనండి, పైన సున్నం కొట్టిస్తే చాలు. పిట్టగోడ సందుల్లో రావి మొక్క మొలిచిందేమో కూడా చూడండి, ఉంటే వేరు లోపలికి దిగకముందే, ఈ వారమే తీయించండి.