సొరియాసిస్ పగుళ్లకి చీము పట్టదు, పాప ఎగ్జిమాకి మాత్రం ఎందుకు పడుతుంది?

మీకు మోచేతుల మీద సొరియాసిస్, పాపకి ఎగ్జిమా, ఇద్దరికీ చర్మం పగులుతున్నా చీము పట్టేది పాపకే, ఇమ్యూనిటీ తక్కువేమో అని అడిగారు కదా. మా ఇంట్లోనూ అచ్చం ఇదే. నాకు పెళ్లికి ముందు నుంచీ సొరియాసిస్ ఉంది, గోకితే రక్తం వస్తుంది, అయినా ఒక్కసారి కూడా చీము పట్టలేదు. మా బాబుకి మోకాళ్ల వెనక మడతల్లో ఎగ్జిమా. రాత్రి చేతులకి సాక్సులు తొడిగి పడుకోబెట్టినా తెల్లారేసరికి తేనె గడ్డకట్టినట్టు పసుపుపచ్చ పక్కులు, దుప్పటి కాలికి అతుక్కుపోయి ఉండేది, నీళ్లతో తడిపి మెల్లగా విడదీసేదాన్ని. రక్తం చెడిందన్నారు మా అత్తగారు. ఒకచోట ఇమ్యూనిటీ పొడి అని నెలల తరబడి డబ్బాలు కొనిపించారు.

అసలు సంగతి చర్మంలోనే ఉందండీ. మన చర్మ కణాలు చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు తయారుచేస్తాయి, వాటినే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు అంటారు. డిఫెన్సిన్లు ఒక రకం, ఎల్ఎల్-37 ఇంకొకటి, దాంట్లో ఉండేది 37 అమైనో ఆమ్లాలే. వీటికి పాజిటివ్ చార్జ్, బ్యాక్టీరియా పైపొరకి నెగటివ్ చార్జ్, అందుకని వెళ్లి అతుక్కుని పొరకి చిల్లులు పెడతాయి, లోపలిది బయటికి కారిపోయి బ్యాక్టీరియా చస్తుంది. మన కణాల పొర బయటివైపు అంత చార్జ్ ఉండదు కాబట్టి వాటి జోలికి పెద్దగా రావు. కొత్త సూక్ష్మజీవికి యాంటీబాడీలు తయారవ్వాలంటే రోజులు పడుతుంది, ఇవి అంతసేపు ఆగవు.

సొరియాసిస్‌లో ఇవి విపరీతంగా తయారవుతాయి. 1997లో జర్మనీలోని కీల్ యూనివర్సిటీ వాళ్లు బీటా డిఫెన్సిన్-2ని దేన్నుంచి వేరు చేశారో తెలుసా, సొరియాసిస్ వాళ్ల ఒంటి మీంచి రాలిన పొట్టు నుంచి! రోజూ పొద్దున్నే పక్క దులిపి, ఎవరూ చూడకముందే ఊడ్చి పారేసే పొట్టు అది. ఆ సంగతి చదివిన రోజు చీపురు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

2002లో అమెరికాలో రెండు జబ్బుల వాళ్ల చర్మాన్నీ పోల్చి చూస్తే, ఎల్ఎల్-37, ఆ డిఫెన్సిన్-2 రెండూ సొరియాసిస్ మచ్చల్లో దండిగా, ఎగ్జిమా మచ్చల్లో బాగా తక్కువగా కనిపించాయి. ఎగ్జిమాలో ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే సంకేతాలు వాటి తయారీని అణిచేస్తాయి, సొరియాసిస్‌లో ఇంటర్‌ల్యూకిన్-17 పెంచేస్తుంది. చీము పట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పిల్లల ఎగ్జిమా మీద తిష్ఠ వేయడానికి ఇదొక ముఖ్య కారణం. అలాగని మనది అదృష్టం అనుకోకండి, అదే ఎల్ఎల్-37 మన సొంత డీఎన్ఏతో జతకట్టి, వైరస్ వచ్చిందేమో అని రోగనిరోధక కణాలు పొరబడేలా చేస్తుందని 2007లో తేలింది. మన మచ్చలు ఎర్రగా మండటంలో దానికీ పాత్ర ఉంది.

పాపకి పొడులేవీ కొనకండి. స్నానం అవ్వగానే, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. డాక్టర్ రాసిన స్టెరాయిడ్ క్రీమ్ చెప్పినన్ని రోజులూ వాడండి, నేను భయపడి మధ్యలో ఆపేస్తే రెండుసార్లు మళ్లీ మొదటికొచ్చింది. పసుపు పక్కులు కట్టినా, జ్వరం వచ్చినా, చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచినా ఆ రోజే చూపించండి. ఆ పొక్కులు హెర్పిస్ వైరస్‌వి కావచ్చు, ఎగ్జిమా ఉన్న పిల్లలకి అది ప్రమాదం, తెల్లారనిద్దాం అనుకోవద్దు.