సోయాచిక్కుడు బుడిపెల్లోనూ ఉంది ఆ లోహం

ప్రశ్న: గాలిలోని నత్రజనిని లోహ సంక్లిష్టాలతో (లోహ పరమాణువు చుట్టూ వేరే అణువులు అతుక్కున్న పదార్థాలతో) నేరుగా సేంద్రియ పదార్థాలుగా, అంటే కార్బన్ ఉన్న పదార్థాలుగా, మారుస్తున్నారని చదివాను. అది సోయాచిక్కుడుకు వాడితే యూరియా మానేయవచ్చా? అందులో వాడే మాలిబ్డినం అనే లోహాన్ని పొలంలో ఎక్కువ వేస్తే మేలేనా?

జవాబు: మీరు చదివింది నిజమే కానీ, అది పొలంలో చల్లే మందు కాదు. గాలిలో 78 శాతం నత్రజనే. అయితే దాని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. వాటిని విడదీయడానికి ఎరువుల ఫ్యాక్టరీలో ఇనుము ఉత్ప్రేరకం, 400 డిగ్రీలు దాటిన వేడి, విపరీతమైన పీడనం కావాలి. 2003లో ఒక మాలిబ్డినం సంక్లిష్టంతో గది వేడిమిలోనే, యూరియాకు మూలమైన అమ్మోనియా తీశారు గానీ, ఒక్కో మాలిబ్డినం పరమాణువుకు ఎనిమిది అమ్మోనియా అణువులైనా రాలేదు. లోహం పట్టుకున్న నత్రజనికి కార్బన్ తగిలించి అమైన్ల వంటి సేంద్రియ పదార్థాలు చేయడమూ ప్రయోగశాల పనే. ఆ సంక్లిష్టాల్లో చాలావాటికి గాలి, తేమ తగిలితే చాలు, పాడైపోతాయి. ఇక తడి నేలలో ఏం నిలుస్తాయి?

ఇదే పని మీ మొక్క వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా చేస్తోంది. దాని ఎంజైమ్ నడిబొడ్డున 7 ఇనుము, 1 మాలిబ్డినం, 9 గంధకం పరమాణువులు ఒక గుత్తిగా ఉంటాయి. ఈ పనికి బోలెడు శక్తి కావాలి, అందుకు మొక్క తన చక్కెర ఖర్చు పెడుతుంది. అందుకే యూరియా దండిగా దొరికితే బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. ఊరికే వచ్చేదుంటే ఎవరు కష్టపడతారు!

పూత దశలో ఒక మొక్కను లాగకుండా మట్టితో సహా తవ్వి, వేర్లు కడిగి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు, ఎరుపు కనిపిస్తే పని నడుస్తున్నట్టే, పైపాటుగా యూరియా అక్కర్లేదు. ఆకుపచ్చగా, నల్లగా ఉంటే వాటి పని అయిపోయింది. అప్పటికీ తెల్లగానే ఉంటే పని మొదలుకాలేదు.

మాలిబ్డినం హెక్టారుకు గ్రాముల్లోనే అవసరం. ఆమ్ల నేలల్లో అది మట్టికి అతుక్కుపోతుంది, సున్నం వేస్తే చాలావరకు తిరిగి అందుతుంది. కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించండి. మోతాదు మించితే ఆ మేత తిన్న పశువులకు రాగి లోపం వచ్చి పారుడు పట్టుకుంటుంది.

బుడిపెలు తెల్లగా ఉన్నా, అసలే లేకపోయినా వచ్చే పంటకు విత్తనానికి రైజోబియం (బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా) కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తండి. సోయాకు సోయా కల్చరే తీసుకోండి, శనగకు వాడేది దీనికి పనికిరాదు.