బేక్డ్ బీన్స్ పుట్టింది బ్రిటన్‌లోనేనా?

కాదు, ఇప్పుడు మనకు తెలిసిన బేక్డ్ బీన్స్ రూపుదిద్దుకుంది అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో. అక్కడి ప్యూరిటన్ (కఠిన నియమాలు పాటించే ప్రొటెస్టంట్) క్రైస్తవులు ఆదివారం విశ్రాంతి దినమని వంటపని పెట్టుకునేవారు కాదు. అందుకే శనివారమే నానిన తెల్ల బీన్స్‌లో ఉప్పు పట్టించిన పంది మాంసం, తీపి కోసం మొలాసిస్ (పంచదార తీశాక మిగిలే చిక్కటి నల్ల పాకం) కలిపి, మట్టికుండతో సహా ఇటుక ఓవెన్‌లో పెట్టేసేవారు. సన్నటి వేడికి గంటల తరబడి మగ్గి, గింజ చెదరకుండానే వెన్నలా మెత్తబడేది. రసం చిక్కబడి ముదురు గోధుమ రంగుకు తిరిగేది. అక్కడి బోస్టన్ నగరం పేరుతో పిలిచే బోస్టన్ బీన్స్ అంటే ఇవే.

చాలామంది టోస్ట్ మీద వేసుకునే టమాటా సాస్ రకాన్నే అసలు వంటకం అనుకుంటారు. అది హైంజ్ అనే అమెరికా కంపెనీ డబ్బాల్లో బ్రిటన్ చేరి, తర్వాత అక్కడ రోజువారీ తిండిగా స్థిరపడింది. శాకాహారులు మాత్రం అమెరికా రకం కొనేముందు డబ్బా మీద ఏమేం కలిపారో తప్పక చదవాలి, కొన్నిటిలో ఇప్పటికీ పంది మాంసం ఉంటుంది.