ఏ సర్వరుకు ఏ డిస్కు కనబడాలి: మేనకోడలికి ఉత్తరం

విజయనగరం,
ఆదివారం.

చి. బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గొంతు వినగానే టెన్షన్ పడుతున్నావని తెలిసింది. మీ శ్రీకాకుళం ఆసుపత్రిలో కొత్తగా శాన్, అంటే సర్వర్లన్నీ కలిసి వాడుకునే డిస్కుల కోసం వేసే విడి నెట్‌వర్క్, పెడుతున్నారు. పది సర్వర్లు, రెండు స్విచ్చులు, డిస్కులన్నీ ఉండే ఒక స్టోరేజ్ పెట్టె. కనెక్షన్ల ప్లాను, దాని భద్రత నీకే అప్పజెప్పారు. ఇవి ఫోన్లో చెప్పుకునే మాటలు కావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా చేతుల మీదుగా జరిగిన నష్టం చెప్పాలి. ఉద్యోగంలో నాలుగో ఏడు. ఒక కొత్త విండోస్ సర్వరుకు ఫైబర్ కేబుల్ పెట్టాను. స్విచ్చులో జోన్లు, అంటే ఎవరు ఎవరిని చూడొచ్చో చెప్పే గుంపులు, లేవు, అందరికీ అన్నీ కనబడుతున్నాయి. తెర మీద ‘డిస్కును ఇనిషియలైజ్ చెయ్యాలా’ అని చిన్న పెట్టె వచ్చింది. కొత్త డిస్కే అనుకుని ఓకే నొక్కాను. అది అకౌంట్స్ వాళ్ల లినక్స్ సర్వరు వాడుతున్న డిస్కు. దాని మొదట్లో విండోస్ తన గుర్తు రాసేసింది. మర్నాడు సాయంత్రం దాకా టేపుల నుంచి వెనక్కి తెచ్చుకుంటూనే ఉన్నాం. బయటి దొంగ ఎవరూ రాలేదమ్మా, పాడు చేసింది మా సర్వరే.

శాన్‌లో డిస్కు కేబుల్‌కి అవతల ఉన్నా, సర్వరు దాన్ని తన పెట్టెలో ఉన్న డిస్కులాగే చూస్తుంది. కనబడితే చాలు, నాదే అనుకుంటుంది. అందుకని నువ్వు మొదట గీయాల్సింది కేబుళ్ల బొమ్మ కాదు. ఏ సర్వరుకు ఏ డిస్కు కనబడాలి అన్న పట్టిక రాయి. ఆ పట్టికలో లేనిదేదీ ఎవరికీ కనబడకూడదు.

ఆ పట్టికకు డబ్ల్యూడబ్ల్యూఎన్‌లు, అంటే శాన్‌లో ఒక్కో పోర్టును గుర్తుపట్టే నంబర్లు, కావాలి. సర్వరును శాన్‌కు కలిపే కార్డు హెచ్‌బీఏ, దాని ప్రతి పోర్టుకు ఒకటుంటుంది. 16 అంకెలూ అక్షరాలూ, రెండేసి చొప్పున ఎనిమిది జతలు. ఒకే కార్డు మీది రెండు పోర్టులకు చాలాసార్లు ఒక్క అంకె దగ్గరే తేడా వస్తుంది. చేత్తో రాసుకోవద్దు. సర్వరు తెర మీంచి కాపీ చేసుకుని, కేబుల్ పెట్టాక స్విచ్చులో లాగిన్ అయినట్టు కనబడుతున్న దానితో సరిచూడు. తర్వాత సర్వరు పేరు, పోర్టు, ఫాబ్రిక్ (ఒక్కో స్విచ్చుతో ఏర్పడే విడి శాన్ దారి) కలిపి ఒక మారుపేరు పెట్టు. రాత్రి రెండింటికి నిద్రకళ్లతో చూసినా అర్థమవ్వాలి.

జోన్ ఒక్కింటికి ఒక్క సర్వరు పోర్టే ఉండాలి. దానితో పాటు ఆ సర్వరుకు కావలసిన స్టోరేజ్ పోర్టులు. పది సర్వర్లకు రెండేసి పోర్టులంటే ఈ ఫాబ్రిక్‌లో పది, ఆ ఫాబ్రిక్‌లో పది, మొత్తం ఇరవై జోన్లు. విసుగు పుడుతుంది, అయినా చెయ్యి. ఒక సర్వరు రీస్టార్ట్ అయినప్పుడు మిగతావి ఉలిక్కిపడవు, ఒకదానికి వైరస్ సోకితే అది శాన్ గుండా పక్కదాన్ని చూసే వీలుండదు. జోన్‌లో లేని పరికరాలకు స్విచ్చు ఏం చేస్తుందో కూడా చూడు. కొన్ని స్విచ్చులు జోన్లు పెట్టేదాకా అందరినీ అందరితో కలిపేస్తాయి. దాన్ని ‘నో యాక్సెస్’కు మార్చాకే మొదటి కేబుల్ పెట్టించు.

జోన్ వీధి గేటు లాంటిది, స్టోరేజ్ పోర్టు దాకానే కాపలా. లోపల ఏ లన్, అంటే స్టోరేజ్‌లో కోసి ఇచ్చే ఏ డిస్కు ముక్క, ఎవరికన్నది స్టోరేజ్‌లో చేసే మాస్కింగ్ చూసుకుంటుంది, మిగతావాళ్లకు దాన్ని కనబడనివ్వదు. గేటు ఉంది కదా అని బీరువా తెరిచిపెట్టం కదా, రెండూ కావాలి. డబ్ల్యూడబ్ల్యూఎన్‌ను సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు కాబట్టి, వాడని పోర్టులన్నీ ఆపేసి, వాడే ఒక్కో పోర్టును దానికి కలిపిన పరికరానికే కట్టెయ్యి.

ఇక రెండు స్విచ్చుల సంగతి. వాటి మధ్య కేబుల్ వెయ్యకు. కలిపితే బలం అనుకుంటారు గానీ, కలిపితే రెండూ ఒకే ఫాబ్రిక్ అయిపోతాయి, అప్పుడు జోన్లలో ఒక తప్పు రెండు దారులనూ మూసేస్తుంది. విడిగా ఉంచు. ప్రతి సర్వరుకూ అటొక పోర్టు, ఇటొక పోర్టు, ఒక దారి పోతే రెండోదాన్ని వాడే మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. కరెంటు కూడా వేర్వేరు యూపీఎస్‌ల నుంచి ఇప్పించు. రెండో బిల్డింగుకు వెళ్లే కేబుళ్లు ఒకే కందకంలో వెయ్యనివ్వకు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలు పడ్డ పాట్లు నీకు నేను చెప్పక్కర్లేదు. తుఫాను దాకా ఎందుకు, రోడ్డు తవ్వే జేసీబీ చాలు.

మార్పు ఏదైనా ఒక ఫాబ్రిక్‌లోనే చెయ్యి. సర్వర్లన్నిట్లో దారులు తిరిగి లేచాయో లేదో చూసి, ఒకరోజు ఆగి, రెండో దానికి వెళ్లు. ఎంత తొందర పెట్టినా రెండూ ఒకే రాత్రి ముట్టుకోకు. పాత జోన్ సెట్టును, అంటే జోన్లన్నీ కలిపిన పాత జాబితాను, పొరపాటున యాక్టివేట్ చేస్తే నడుస్తున్న జాబితా పోయి అదే అమల్లోకి వచ్చేస్తుంది, కాబట్టి మార్చే ముందు కాన్ఫిగరేషన్ కాపీ తీసి బయట దాచు. ఎక్కడో వాడిన పాత స్విచ్చు కొన్నారంటే, దాని జోన్లు పూర్తిగా చెరిపాకే కలపాలి.

స్విచ్చుల మేనేజ్‌మెంట్ పోర్టులు ఆసుపత్రి వైఫై ఉన్న నెట్‌వర్క్‌లో పెట్టవద్దు, వాటికి వేరే వీలాన్ (అదే నెట్‌వర్క్‌లో వేరు చేసిన భాగం) అడుగు. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చు, పాస్‌వర్డును ఉన్నదున్నట్టే పంపే టెల్‌నెట్ తీసేసి, గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ ఉంచు. కంపెనీ ఇంజనీరు బయటినుంచి చూడాలంటే, అడిగినప్పుడు తెరిచి పని కాగానే మూసెయ్యి. ఈ పది కాక, ఐస్కజీతో, అంటే మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీదే స్టోరేజ్‌కు కలిపే ఆ రెండు చిన్న సర్వర్లకు విడి నెట్‌వర్క్ ఇచ్చి, రెండువైపులా చాప్ (రహస్యపదంతో ఒకరినొకరు నిర్ధారించుకునే పద్ధతి) పెట్టు, రహస్యపదం పన్నెండు అక్షరాలకు తగ్గకుండా.

విశాఖకు పంపే రెండో కాపీ గురించి అడిగావు. మీ శాన్ నడిచే పద్ధతి ఫైబర్ ఛానెల్, అందులో డేటా మామూలుగా ఉన్నదున్నట్టే పోతుంది, ఎన్‌క్రిప్షన్ ఉండదు. మీ గోడలు దాటి వెళ్లే లింకు మీద ఎన్‌క్రిప్షన్ తప్పకుండా పెట్టించు, ఐపీ లింకైతే దానికి ఐపీసెక్ ఉంది, రోగుల స్కాన్లవి. దూరం వంద కిలోమీటర్ల పైనే. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు, వెళ్లి రావడానికే ఒక మిల్లీసెకను. డిస్కు మీద రాసిన ప్రతిసారీ అంతసేపు ఆగడం కంటే, ముందు ఇక్కడ రాసి వెనకాలే పంపే అసింక్ కాపీ మీకు నయం.

రథసప్తమికి అరసవల్లి వస్తున్నాను. కేబుళ్లు పెట్టేది ఆ మర్నాడే అన్నావు కదా, పట్టిక ప్రింటు తీసి ఉంచు. దర్శనం అయ్యాక మీ ఆఫీసులో కూర్చుందాం. నేను ఒక్కో జత చదువుతాను, నువ్వు స్విచ్చు తెర మీద జోన్లలో రాసిన దాన్ని చూసి టిక్కు పెట్టు.

ఇట్లు,
మీ మావయ్య