అమ్మలూ, మేక్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దనాన్న ఆశీస్సులు.

శనివారం రాత్రి మీ ఆఫీసు డేటాబేసు పోస్ట్‌గ్రెస్‌ను 13వ వెర్షన్ నుంచి 16కు మార్చే పని నీకే అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బ్యాకప్ తీసి, వేరే మిషను మీద ఎక్కించి చూసుకో. అది నీకు తెలిసిందే.

నా భయమంతా పీజీ_కాన్ఫిగ్ అనే చిన్న ఆదేశం గురించి. బీటెక్‌లో సైకోపీజీ2 (పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌కు కలిపే లైబ్రరీ) కడుతూ, అది కనబడడం లేదని ఏడుపు గొంతుతో ఫోను చేశావు. అది ఉండే లిబ్‌పీక్యూ-డెవ్ ప్యాకేజీ వేసుకోమన్నాను. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రాములు, లైబ్రరీలు, హెడర్ ఫైళ్ళు ఎక్కడున్నాయో పీజీ_కాన్ఫిగ్ చెబుతుంది. కానీ తాను ఏ వెర్షన్‌తో వచ్చిందో ఆ వెర్షన్ సంగతే చెబుతుంది. ఏ సర్వరు నడుస్తోందో దానికి తెలియదు.

2017లో ఒక ఆసుపత్రి మిషనులో పోస్ట్‌గ్రెస్ 9.3 నడుస్తుండగా పక్కనే 9.6 ఎక్కించాను. రోగుల పేర్లు వెతికే ఎక్స్‌టెన్షన్ (డేటాబేసుకు అదనంగా తగిలించే భాగం) కొత్త సోర్సు తెచ్చి, దాన్ని కట్టే మేక్, ఆపైన ఆ ఫైళ్ళను సర్వరు చోట పెట్టే మేక్ ఇన్‌స్టాల్ కొట్టాను. ఏ లోపమూ రాలేదు. 9.6లో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ అంటే, కంట్రోల్ ఫైలు తెరవలేకపోయానంది. ఏ డైరెక్టరీలో వెతికిందో ఆ వాక్యంలోనే ఉంది. నేను చదవలేదు. తొందరలో మళ్ళీ మేక్ ఇన్‌స్టాల్ కొట్టాను. నా పాత్‌లో (ఆదేశాలను వెతికే డైరెక్టరీల వరుసలో) ముందున్నది 9.3 వాళ్ళ పీజీ_కాన్ఫిగ్. మేక్ దాన్ని అడిగింది, అది తన చోటే చూపించింది. 9.3లో పనిచేస్తున్న పాత లైబ్రరీ ఫైలు పోయి, ఆ చోట కొత్తది కూర్చుంది. వేరే వెర్షన్‌కు కట్టిన లైబ్రరీ అయితే సర్వరే తిప్పికొట్టేది. ఇది సరిగ్గా 9.3కే కట్టింది కదా, అడ్డుకునేది ఏదీ లేదు.

తెరిచి ఉన్న కనెక్షన్లు పాత ఫైలుతోనే నడిచాయి, రాత్రి ఏమీ తెలియలేదు. పొద్దున ఓపీ మొదలై కొత్త కనెక్షన్లు వచ్చేసరికి, ఫలానా ఫంక్షన్ ఆ ఫైలులో లేదంటూ వరుసగా లోపాలు. పాత ఫైలు వెతికి తెచ్చి పెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ కౌంటరు ముందు చంటిబిడ్డను భుజాన వేసుకుని ఒకావిడ నిలబడే ఉంది. మీ పెద్దమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

అందుకే, మేక్‌కు పీజీ_కాన్ఫిగ్ పూర్తి దారి నువ్వే రాసివ్వు, పాత్‌కు వదలకు. 9.6 నుంచి సర్వరు లోపల అదే పేరుతో ఒక వ్యూ (పట్టికలా చదవగలిగేది) ఉంది, సూపర్‌యూజర్‌గా చూడు. బయటి ఆదేశమూ లోపలి వ్యూ ఒకే పీకేజీలిబ్‌డిర్ (ఎక్స్‌టెన్షన్ లైబ్రరీలు ఉండే చోటు) చూపిస్తేనే ఇన్‌స్టాల్ కొట్టు. డేటా ఎక్కడుందో పీజీ_కాన్ఫిగ్ చెప్పదు, షో డేటా_డైరెక్టరీ అని సర్వరునే అడుగు.

"గంట పని" అన్నావట. ఇంకెప్పుడూ అలా అనకు తల్లీ. రాత్రి తొమ్మిదిలోపు అన్నం తిను. నేను మేలుకునే ఉంటాను, ఎన్ని గంటలకైనా ఫోను చెయ్యి.

పెద్దనాన్న