బాబాయి కూతురు అదే బడిలో చేరితే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి నాలుగు అధ్యాయాలు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, ఆ విషయంలో బెంగ పెట్టుకోకు. ఎనిడ్ బ్లైటన్ హాస్టల్ కథలు చదివి పెరిగానని రాశావు. రాయకపోయినా పట్టేసేదాన్ని. బడి మారిన అమ్మాయి ఉంది, అదే బడికి వచ్చిపడిన బాబాయి కూతురు ఉంది, అర్ధరాత్రి దొంగచాటు విందు కూడా ఉంది. సరుకంతా తెచ్చుకున్నావు గానీ, ఆ కథల్లో ఏది ఏ పనికి పెట్టారో చూసినట్టు లేదు. ముఖ్యంగా ఆ బాబాయి కూతురు. నాలుగు అధ్యాయాలూ అక్క వెనకాల తిరగడం తప్ప ఆ పిల్లకు పనే లేదు.

ముందు బడి మారడం సంగతి. మీ అమ్మాయి పాత స్కూలు గురించి "అక్కడ అన్నీ బాగుండేవి" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. 1941లో వచ్చిన బ్లైటన్ సెయింట్ క్లేర్స్ బడి కథల్లో మొదటి పుస్తకం మళ్ళీ తియ్యి. పాట్, ఇసబెల్ అనే కవలలు రెడ్‌రూఫ్స్ బడిలో హెడ్ గర్ల్స్‌గా వెలిగినవాళ్ళు. స్నేహితురాళ్ళతో పాటు రింగ్‌మియర్ అనే గొప్ప బడికి వెళ్దామనుకుంటే, పిల్లలకు తలబిరుసు ఎక్కువవుతోందని అమ్మానాన్నా సెయింట్ క్లేర్స్‌లో వేస్తారు. అక్కడ మొదటి ఫారమ్ పిల్లలు పై తరగతి అమ్మాయిల గదిలో నిప్పు రాజేయాలి, వాళ్ళ బూట్లు తుడవాలి. పాత బడిలో హాకీ ఆడి పేరు తెచ్చుకుంటే ఇక్కడ ఆడేది లక్రాస్, వల కట్టిన కర్రతో బంతి ఆడే ఆట. నిన్నటిదాకా అందరి చేతా పనులు చేయించినవాళ్ళ ముందు ఎవరివో బురద బూట్లు పెట్టాక, వాళ్ళ మనసులో ఏముందో రచయిత్రి విడిగా చెప్పాలా?

మీ అమ్మాయి కార్పొరేట్ స్కూల్ నుంచి గురుకులానికి వచ్చింది కదా. అక్కడ వారం వారం ర్యాంకులు బోర్డు మీద పెట్టేవాళ్ళు, ఈ పిల్ల పేరు ఎప్పుడూ పైనే ఉండేది అనుకో. ఇక్కడ సోమవారం పొద్దున్నే అలవాటుకొద్దీ నోటీసు బోర్డు దగ్గరికి పోతుంది. బోర్డు మీద వంటశాల డ్యూటీ లిస్టు ఉంటుంది. ఆ లిస్టులో ఈ పిల్ల పేరు ఎక్కడుందో నువ్వే రాసుకో.

ఇక చుట్టపు పిల్ల. 1942 నాటి రెండో పుస్తకంలో కవలల కజిన్ ఆలిసన్ వస్తుంది. ఇంకో ఖరీదైన బడిలో చదివి, జుట్టు, అద్దం, సోకులు తప్ప వేరే ధ్యాస లేకుండా తయారైన పిల్ల. కవలలకు తల కొట్టేసినట్టుంటుంది. నిన్నమొన్నటిదాకా తామూ అలాంటి నీలుగుడే నీలిగారు, ఇప్పుడు ఈ పిల్లను దారిలో పెట్టే పూచీ తమ నెత్తిన పడింది. మంచి ఎత్తుగడ. కానీ తర్వాత బ్లైటన్ బద్ధకించిందనే అంటాను. ఆలిసన్ మొదట అమెరికా నుంచి వచ్చిన శాడీ వెంట పడుతుంది, తర్వాత నాటకాల టీచరమ్మ వెంట, ఆ తర్వాత డబ్బున్న ఏంజెలా వెంట. ఎవరు కొత్తగా వస్తే వాళ్ళ భజన. పుస్తకాలు పెరిగాయి గానీ ఆ పిల్ల పెరగలేదు.

అదే చేయి మాలొరీ టవర్స్ అనే ఇంకో బడి కథల్లో ఎంత పదునెక్కిందో చూడు. అలీషియా నోరు పదును, ఆకతాయి పనుల్లో దిట్ట. మూడు పుస్తకాలపాటు ఆ పిల్ల ఎవరినైనా ఒక మాట అంటే మనమూ నవ్వుతాం. 1949లో వచ్చిన నాలుగో పుస్తకంలో ఆమె కజిన్ జూన్ చేరుతుంది. అదే నోరు, అదే తెగువ, జాలి మాత్రం ఇంకా తక్కువ. ఇన్నాళ్ళూ మనల్ని నవ్వించిన గుణం ఇంకో పిల్లలో కనబడేసరికి మనకే చిరాకేస్తుంది. అర్ధరాత్రి విందు సంగతి బయటపెడతానని జూన్ బెదిరిస్తే, ముక్కు మీద కోపం ఉన్న కథానాయిక డారెల్ ఆ పిల్లను పట్టుకుని కుదిపేస్తుంది. పోయింది డారెల్ హెడ్ గర్ల్ పదవి. చుట్టం అలీషియాకి, నష్టం డారెల్‌కి! కథ నడిచేది ఇలాంటి చోటే. మరుసటి పుస్తకంలో ఒక అమ్మాయికి ఆకాశరామన్న ఉత్తరాలు వస్తుంటాయి, రాసేది జూనే. బడి నుంచి గెంటించుకునేదాకా తెచ్చుకుంటుంది.

1951లో వచ్చిన చివరి పుస్తకంలో అమాండా వస్తుంది. ఆ పిల్ల చదివిన ట్రెనిగన్ టవర్స్ తగలబడిపోతే ఇక్కడ చేరింది. జూన్‌ను తీర్చిదిద్దితే టెన్నిస్‌లోనూ ఈతలోనూ ఎక్కడికో పోతుందని పసిగట్టేది ఆమే. పాతవాళ్ళకు జూన్ అంటే అలీషియా చుట్టం, పొగరుబోతు, అంతే. కొత్తగా వచ్చిన పిల్లకు ఆ చరిత్రతో పని లేదు, కోర్టులో జూన్ కొట్టే దెబ్బ ఒక్కటే కనబడుతుంది. తర్వాత అమాండా సముద్రంలోకి ఈదుకుంటూ పోయి ప్రవాహంలో చిక్కుకుంటే కాపాడేది జూనే. బడి మారిన పిల్లనూ చుట్టపు పిల్లనూ ఒకే ముడిలో బిగించడం అంటే ఇదీ.

ఎలినార్ బ్రెంట్-డయర్ షాలే స్కూల్ పుస్తకాలు నీ చేతికి వచ్చాయో లేదో. 1925 నుంచి 1970 దాకా వచ్చాయి. అందులో పిల్లలే కాదు, బడే ఊళ్ళు మారుతుంది. ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో మొదలైంది. 1938లో నాజీలు ఆస్ట్రియాను మింగేశాక బడి గెర్న్‌సీ దీవికి చేరినట్టు రాసింది. ఆ పుస్తకం వచ్చిన 1940లోనే జర్మన్లు ఆ దీవినీ పట్టుకున్నారు. చేసేది లేక మరుసటి ఏడాది పుస్తకంలో బడిని ఇంగ్లండ్‌కు తరలించింది. అక్కడి నుంచి వేల్స్ పక్కన ఒక దీవికి, చివరికి స్విట్జర్లాండ్‌కు. దీవికి పోవడానికి కారణం యుద్ధం కాదు, పాత భవనంలో మురుగు కాలవలు పాడవడం. నాకు ఆ కారణమే ఎక్కువ నచ్చింది. మన స్కూళ్ళ భవనాలు చూసినవాళ్ళెవరూ కాదనరు.

అక్కడ బంధువుల పిల్లలు ఒకచోట చేరడానికీ లెక్క ఉంది. బడి పెట్టిన మాజ్ తమ్ముడో అన్నో కాదు, కవల సోదరుడు డిక్ మన దేశంలోనే అటవీ శాఖలో ఉద్యోగి. అప్పటి తెల్ల ఉద్యోగుల్లో చాలామంది చేసినట్టే అతనూ పిల్లల్ని ఇక్కడ ఉంచకుండా చెల్లెళ్ళ దగ్గరికి పంపేశాడు. అందుకే వాళ్ళు మేనత్త ఇంట్లో, మేనత్త పెట్టిన బడి నీడలో పెరిగారు. ఆ పిల్లల్లో పెగ్గీ పెద్దయ్యాక హెడ్ గర్ల్ అవుతుంది. అదే ఏడాది వేరే బడి నుంచి వచ్చి కలిసిన ఒక అమ్మాయి, తనకు దక్కాల్సింది దక్కలేదని పెగ్గీ మీద కక్ష కడుతుంది. తప్పు ఆ అమ్మాయిదే అన్నట్టు కథ నడుస్తుంది గానీ, నా మనసు కొంచెం అటే లాగుతుంది. ఊళ్ళో పెత్తనమంతా ఒకే ఇంటివాళ్ళదైతే బయటి నుంచి వచ్చినవాళ్ళకు ఎలా ఉంటుంది?

నీ కథలో ఇద్దరు పిల్లల్నీ ఒకే గురుకులంలో ఎందుకు వేశారో కారణం లేదు. ఫీజులు కట్టలేకా? బాబాయి గల్ఫ్ వెళ్ళాడా? తేల్చుకో. బాబాయి కూతురే అంటున్నావు కాబట్టి ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. హాజరు పిలిచిన మొదటి రోజే క్లాసంతా తలలు తిప్పి చూడాలి, ఆ సీను నీ దగ్గర లేదు.

మూడో అధ్యాయంలో ఇద్దరూ కావలించుకుని ఏడవడం తీసెయ్. ఇంటిగుట్టు తెలిసిన పిల్ల బడిలో అడుగుపెడితే అక్కకు ముందు రావాల్సింది టెన్షన్. మా నాన్నకు పెద్ద బట్టల షాపుందని అక్క అప్పటికే డార్మిటరీలో చెప్పి ఉంటుంది. మెస్ లైనులో పళ్ళెం పట్టుకుని నిలబడ్డప్పుడు ఈ చిన్నది, ఏ దురుద్దేశమూ లేకుండానే, "పెదనాన్న షాపు అమ్మేశారంట కదా అక్కా, ఇప్పుడు మీరెక్కడుంటున్నారు?" అని గట్టిగా అడగనీ.

అర్ధరాత్రి విందులో కేకు, సార్డీన్ల డబ్బా ఆ పిల్లలకే బాగుంటాయి. నీ పిల్లల ట్రంకు పెట్టెలో అమ్మ సర్దిన కందిపొడి, ఆవకాయ, జంతికలు ఉంటాయి కదా. ఎవరి పెట్టె ముందు ఖాళీ అవుతుందో, రెండోసారి ఇంటి నుంచి ఏమీ రానిది ఎవరికో చూసి రాయి. మూడో అధ్యాయం మార్చాక అదొక్కటే పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు పాఠకురాలు