ఆక్స్‌ఫర్డ్‌లో యూనివర్సిటీ గేటు ఎక్కడ?

ప్రశ్న: నమస్కారమండి. మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. పదకొండు తెలుగు కుటుంబాలు కలిసి జూన్‌లో ఒక శనివారం కోచ్ మాట్లాడుకుని ఆక్స్‌ఫర్డ్ వెళ్దామనుకుంటున్నాం. మొత్తం 45 మందిమి. అందులో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు తొమ్మిది మంది, పదేళ్లలోపు పిల్లలు పన్నెండు మంది. ప్లాన్ చేసే పని నా మీద పడింది. ఒకరు క్రైస్ట్ చర్చ్ కాలేజీ అంటారు, ఒకరు బోడ్లియన్ లైబ్రరీ అంటారు, ఇంకొకరికి పడవలు కావాలి. దారిలోనే కదా, బ్లెనిమ్ ప్యాలెస్, బిస్టర్‌లో షాపింగ్ కూడా కలిపేద్దామని మరికొందరు. వాట్సాప్ గ్రూపు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఒక్క రోజులో ఏం చూడగలం? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: ముందు బ్లెనిమ్, బిస్టర్ రెండూ కొట్టేయండమ్మా. గ్రూపులో మాట పడుతుందనుకుంటే నేను వద్దన్నానని చెప్పండి. బ్లెనిమ్‌కి ఒక రోజు విడిగా కావాలి. షాపింగ్‌కి దిగిన 45 మందిని మళ్లీ బస్సెక్కించడం ఎంత కష్టమో రెండుసార్లు చూశాను. మీ పెద్దవాళ్లు ఆక్స్‌ఫర్డ్ చూడ్డానికి వస్తున్నారు. ఆ రోజంతా ఆక్స్‌ఫర్డ్‌కే ఇవ్వండి.

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో నేనూ మీలాగే ఒక బస్సు వేసుకుని వెళ్లాను. దిగగానే మా మామగారు అడిగిన మొదటి మాట, "యూనివర్సిటీ గేటు ఎక్కడమ్మా?" అని. ఆయన మనసులో వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ఒక క్యాంపస్, ఒక పెద్ద గేటు, లోపల డిపార్టుమెంట్లు. ఆక్స్‌ఫర్డ్‌లో అలాంటి గేటు లేదు. దాదాపు నలభై కాలేజీలు ఊరంతా పరుచుకుని ఉంటాయి. ఒక్కోదానికి సొంత ప్రహరీ, సొంత చాపెల్ (ప్రార్థనా మందిరం), సొంత భోజనశాల. దుకాణం పక్కన కాలేజీ, దాని పక్కన చర్చి, ఆ పక్కన మళ్లీ కాలేజీ. 1096 నాటికే ఇక్కడ చదువు చెప్పేవారని రికార్డు ఉంది. 1167లో రెండవ హెన్రీ రాజు ఇంగ్లిష్ విద్యార్థులను ప్యారిస్ వెళ్లకుండా ఆపేశాక ఇక్కడ చదువు బాగా పెరిగింది. ఎవరో ఒకరోజు కూర్చుని కట్టిన క్యాంపస్ కాదు కాబట్టే మనం వెతికే గేటు దొరకదు. ఈ మాట బస్సులోనే అందరికీ చెప్పండి. లేకపోతే మధ్యాహ్నం దాకా "అసలు యూనివర్సిటీ ఇంకా రాలేదా?" అని అడుగుతూనే ఉంటారు.

రెండోది, అవి ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్న చోట్లు. మీరు వెళ్లేది జూన్‌లో, పరీక్షల కాలం. కాలేజీలు సందర్శకుల వేళలు తగ్గిస్తాయి, ఒక్కోసారి పూర్తిగా మూసేస్తాయి. మా మొదటి ట్రిప్పులో ఒక కాలేజీ హాలు చూడాలని అందరం గంటన్నర క్యూలో నిలబడ్డాం. తీరా మా వంతు వచ్చేసరికి లోపల ఏదో విందు ఉందని తలుపు వేసేశారు. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. తప్పు నాదే, ముందు రోజు వాళ్ల వెబ్‌సైట్ చూడలేదు. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: టికెట్ కొని లోపలికి వెళ్లే చోటు రోజుకి ఒక్కటే, అదీ ముందే బుక్ చేసుకుని. మిగతావన్నీ ఉచితంగా, ఖాయంగా తెరిచి ఉండేవే.

మీ వాళ్లకైతే నేనిలా వేస్తాను. ఉదయం ఎనిమిదికి బయలుదేరండి. ఎం40 మోటర్‌వే మీద రెండు గంటలు పెట్టుకోండి. సెయింట్ జైల్స్ అనే వెడల్పాటి వీధిలో దిగితే రెండు నిమిషాల నడకలో ఆష్‌మోలియన్ మ్యూజియం. పదింటికి తెరుస్తారు, టికెట్ లేదు, లిఫ్టులున్నాయి, టాయిలెట్లున్నాయి. రెండు గంటలు బస్సులో కూర్చున్న పెద్దవాళ్లకి మొదట కావలసింది ఆ చివరిదే కదా! 1683లో మొదలైన ఈ మ్యూజియం బ్రిటన్‌లో మొట్టమొదటి పబ్లిక్ మ్యూజియం. మన దేశపు శిల్పాలకు విడిగా గది ఉంది. అన్ని అంతస్తులూ తిరగనివ్వకండి, గంటంబావు చాలు.

అక్కణ్నుంచి బ్రాడ్ స్ట్రీట్. రోడ్డు మధ్యలో రాళ్లతో పరిచిన ఒక శిలువ గుర్తు కనిపిస్తుంది. ప్రొటెస్టెంట్లైనందుకు 1555లో ఇద్దరు బిషప్పులను, మరుసటి ఏడాది ఆర్చిబిషప్ క్రాన్మర్‌ను సజీవంగా దహనం చేసిన చోటు అది. వీధి చివరకొచ్చాక మూలనున్న భవనం పైకి చూడమనండి. గాలి ఎటు వీస్తోందో చూపించే కడ్డీ మీద కోడిపుంజు బదులు ఏనుగు ఉంటుంది. అది పాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్. సంస్కృతం ప్రొఫెసర్ మోనియర్ విలియమ్స్ పట్టుబట్టి చందాలు పోగుచేసి కట్టించాడు. ఇప్పుడు వేరే పనులకు వాడుతున్నారు. అయినా ఆ ఏనుగును చూసి మా అత్తగారు పొందిన సంతోషం నాకింకా గుర్తుంది.

నాలుగడుగులు వేస్తే రాడ్‌క్లిఫ్ స్క్వేర్. మధ్యలో గుండ్రటి గోపురంతో ఉన్నది రాడ్‌క్లిఫ్ కెమెరా. 1749లో పూర్తయింది. లాటిన్‌లో కెమెరా అంటే గది, అంతే. ఇది బోడ్లియన్ లైబ్రరీలో భాగం. 1602లో తెరిచిన ఆ లైబ్రరీలో సభ్యులయ్యేవాళ్లు లోపలికి నిప్పు తేనని, నిప్పు వెలిగించనని ఈనాటికీ ప్రమాణం చేయాలి. లోపల చూడాలంటే గైడుతో టూరు బుక్ చేసుకోవాలి, చిన్నపిల్లలతో కుదరదు. బయటి నుంచి చూసి కదలండి.

ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఆ స్క్వేర్‌లో నిలబడి తూర్పు వైపు ఇనుప గేటు లోంచి చూస్తే పచ్చిక, రెండు సన్నటి శిఖరాలు కనిపిస్తాయి. అది ఆల్ సోల్స్ కాలేజీ. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఫెలోగా ఉన్న కాలేజీ. 1931 నుంచి 1936 దాకా ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఉండి, అదే 1936లో ఇక్కడ తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రం బోధించే స్పాల్డింగ్ ప్రొఫెసర్ అయ్యారు. ఆ పదవిలో మొదటివారు ఆయనే. 1952 దాకా ఆ పీఠం ఆయనదే. ఈ కాలేజీలో డిగ్రీ విద్యార్థులు ఉండరు, పరిశోధన చేసే ఫెలోలే. ఈ సంగతి చెప్పగానే మా మామగారు గేటు ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఆంధ్రా యూనివర్సిటీలోనే చదివారు. ఉదయం నుంచి వెతుకుతున్న గేటు ఇదేనేమో అన్నారు. ఆ తరవాత ఆయన నన్నింకేమీ అడగలేదు. మీ తొమ్మిది మందికీ ఆ గేటు దగ్గర పదిహేను నిమిషాలు ఇవ్వండి. ఫోటోలు అక్కడ తీయండి.

ఓపికున్న కుర్రాళ్లు పక్కనే ఉన్న సెయింట్ మేరీ చర్చి టవర్ ఎక్కవచ్చు. 127 మెట్లు, సన్నటి దారి, టికెట్ ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎక్కనివ్వకండి.

భోజనం వేళకి పార్క్స్ రోడ్డు వెంబడి ఉత్తరం వైపు నడవండి, మామూలు నడకకు పన్నెండు నిమిషాలు, పెద్దవాళ్లతో ఇరవై. అక్కడ యూనివర్సిటీ పార్క్స్ అని విశాలమైన పచ్చిక మైదానాలు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు విప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. అందరూ ఒకే చోట గుంపుగా కాకుండా చెట్ల కింద నాలుగైదు జట్లుగా కూర్చోండి. చెత్త సంచులు మీరే తీసుకెళ్లండి. అదృష్టం బాగుంటే యూనివర్సిటీ జట్టు క్రికెట్ ఆడుతుంటుంది, తాతయ్యలు అక్కణ్నుంచి లేవరు.

అక్కడికి దగ్గర్లోనే నేచురల్ హిస్టరీ మ్యూజియం. పిల్లల రోజు అక్కడ మొదలవుతుంది. శాస్త్రీయంగా పేరు పెట్టిన మొదటి డైనోసార్ మెగలోసారస్. 1824లో ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త బక్‌లాండ్ ఆక్స్‌ఫర్డ్‌వాడే, ఆ డైనోసార్ దవడ ఎముక ఇక్కడే ఉంది. అంతరించిపోయిన డోడో పక్షి తల కూడా ఉంది. డార్విన్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1860లో, పరిణామ సిద్ధాంతం మీద దాన్ని సమర్థించిన శాస్త్రవేత్త హక్స్‌లీకి, వ్యతిరేకించిన బిషప్ విల్బర్‌ఫోర్స్‌కి వాదన జరిగింది ఈ భవనంలోనే. దీని లోపలి నుంచే, రకరకాల దేశాల జనం వాడిన వస్తువులుండే పిట్ రివర్స్ మ్యూజియంలోకి దారి. రెండూ ఉచితం.

టికెట్ కొనే ఆ ఒక్క చోటు క్రైస్ట్ చర్చ్ అనుకోండి. మధ్యాహ్నం ఒక పదిహేను మంది విడిగా ఊరి దక్షిణాన ఉన్న అక్కడికి వెళ్లి రావచ్చు. అందరూ వెళ్లనక్కర్లేదు. పడవలు కూడా ఇంకోసారికి ఉంచుకోండి. ఒక్కో పడవలో నలుగురైదుగురే పడతారు. 45 మందికి లెక్క మీరే వేసుకోండి.

ఇక బస్సు సంగతి. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. ఊరి మధ్యలో కోచ్ నిలిపి ఉంచనివ్వరు. మిమ్మల్ని దించేసి డ్రైవర్ దక్షిణాన రెడ్‌బ్రిడ్జ్ పార్క్ అండ్ రైడ్ అనే ఊరి చివరి పార్కింగ్‌కి వెళ్లి ఆపుకోవాలి. మీరు ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో రాలేడు, ఊరు దాటి రావాలి. అందుకని ఎక్కే టైము పొద్దున్నే ఖాయం చేసి దానికే కట్టుబడాలి. దించే చోటు, ఎక్కే చోటు ఏవో, ఆ రోజు ఏ వీధులు మూసి ఉన్నాయో కోచ్ కంపెనీ చేత కౌన్సిల్ నిబంధనలు చూయించి రాతపూర్వకంగా తీసుకోండి. ఒకసారి మేం దిగిన చోటు ఒకటి, ఎక్కాల్సిన చోటు ఇంకొకటి. బస్సులో మైకులో చెప్పాను. ఒక పెద్దాయనకి వినపడలేదు. దిగిన చోటే గంటసేపు చలిలో నిలబడ్డారు. ఆయన దగ్గరున్నది ఇండియా సిమ్, రోమింగ్ లేదు. దొరికినప్పుడు ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు, అందుకే ఇంకా బాధ. ఇప్పుడు పెద్దవాళ్లందరి జేబులో ఒక కార్డు పెడతాను. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఎక్కే వీధి పేరు, టైము, రెండు ఫోన్ నంబర్లు. పదిహేను మందికి ఒక జట్టు, జట్టుకొక బాధ్యుడు. ఇంటిపేర్లను బట్టి కాదు, నడక వేగాన్ని బట్టి జట్లు చేయండి.

డబ్బు లెక్క 45తో వేయకండి. చివరి వారంలో ఎవరికో జ్వరం వస్తుంది, ఎవరికో డ్యూటీ పడుతుంది. కోచ్ కిరాయి 900 పౌండ్లనుకుందాం. 40తో భాగిస్తే మనిషికి 22.50. ముందే తీసుకోండి. అందరూ వస్తే 112.50 మిగులుతుంది. డ్రైవర్ టిప్పుకి, నీళ్ల సీసాలకి సరిపోతుంది.

ప్రశ్న: మేం పద్నాలుగు మందిమే. కోచ్ ఖర్చు ఎందుకని మినీబస్సు అద్దెకు తీసుకుని మా తమ్ముడే నడుపుతానంటున్నాడు. తలా ఇంత వేసుకుంటాం. పరవాలేదా?
– ఒక పాఠకుడు, కొవెంట్రీ

జవాబు: మీ తమ్ముడి లైసెన్సు ముందు చూడండి. బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్సుతో డ్రైవర్ కాక ఎనిమిది మంది ప్రయాణికుల సీట్ల దాకానే నడపవచ్చు. పదహారు సీట్ల బండికి డి1 అర్హత ఉండాలి. తలా ఇంత వసూలు చేయడం మొదలుపెడితే ఆపరేటర్ లైసెన్సు, ఇన్సూరెన్సు ప్రశ్నలు కూడా వస్తాయి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు చెల్లదంటే ఆ కుటుంబం ఏమైపోవాలి? డ్రైవర్‌తో సహా మినీబస్సు ఇచ్చే లైసెన్సున్న కంపెనీని అడగండి. లేదా రైల్లో వెళ్లండి, ఆక్స్‌ఫర్డ్ స్టేషన్ నుంచి ఆష్‌మోలియన్‌కి నడిచే వెళ్లవచ్చు.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. "నేను వస్తే మీ అందరికీ ఆలస్యం, ఇంట్లోనే ఉంటాను" అంటున్నారు. తీసుకెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. మడత పెట్టే వీల్‌చైర్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి బస్సు డిక్కీలో వేయండి, కంపెనీకి ముందే చెప్పండి. రాడ్‌క్లిఫ్ స్క్వేర్‌లో గుండ్రాళ్లు పరిచి ఉంటాయి, చైరు బాగా కుదుపుతుంది. దాన్ని మధ్య నుంచి కాకుండా అంచున ఉన్న నున్నటి బండల మీదుగా తోయండి. ఆవిడ వేగమే జట్టు వేగం అని ముందే అందరికీ చెప్పేయండి. ఆవిణ్ని కిటికీ పక్కన, ముందు సీట్లో కూర్చోబెట్టండి.